లిస్బన్ నుంచి పోర్టోకి రైల్లో: ఎక్కడ ఎక్కాలి, ఎటు కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

పోర్చుగల్‌లో లిస్బన్ నుంచి పోర్టోకి విమానం వద్దు, రైలెక్కండి. కొంచెం అటూ ఇటూగా మూడు గంటలు, అంతే. సీట్లో కూర్చున్నాక ఇక టెన్షనేం ఉండదు, జాగ్రత్త పడాల్సింది ఎక్కే దగ్గరా, దిగే దగ్గరా.

ముందు టికెట్. ప్రభుత్వ రైల్వే సంస్థని అక్కడ సీపీ అంటారు, వాళ్ల సైట్‌లో గానీ యాప్‌లో గానీ కొనుక్కోవచ్చు. ఈ రూట్లో ఆల్ఫా పెండులార్, ఇంటర్‌సిడాడెస్ అని రెండు రకాల రైళ్లు చూసుకోండి. మొదటిది మలుపుల్లో పక్కకి ఒరుగుతూ గంటకి 220 కి.మీ. దాకా వెళ్తుంది, రెండోది కాస్త నెమ్మది, కాస్త చవక. మొత్తం ప్రయాణంలో తేడా అరగంట లోపే ఉంటుంది కాబట్టి, నన్నడిగితే ఇంటర్‌సిడాడెస్ చాలు. ముందుగా కొంటే ప్రోమో ధరలుంటాయి, కానీ ఆ సీట్లు కొన్నే, త్వరగా అయిపోతాయి. 65 ఏళ్లు నిండినవాళ్లకి సగం ధరే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా ఇది వర్తిస్తుంది, వయసు చూపించడానికి వాళ్ల పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టండి. 4 నుంచి 12 ఏళ్ల పిల్లలకీ సగమే.

అక్కడ రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతుంటాయి, అందుకని ముందురోజు రాత్రి ఒకసారి సీపీ సైట్ చూసుకోండి. స్టేషన్ బోర్డు మీద మీ రైలు పక్కన ‘సుప్రిమీదు’ అని కనిపిస్తే అది రద్దయిందని, నేరుగా టికెట్ కౌంటర్‌కి వెళ్లండి.

ఇప్పుడు ఎక్కడం. లిస్బన్‌లో ఈ రైళ్లకి రెండు స్టేషన్లున్నాయి, సాంటా అపొలోనియా, ఒరియెంటె. ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా వస్తుంటే ఒరియెంటె బెస్ట్, మెట్రో రెడ్ లైన్‌లో మూడో స్టాపే, ఎదురుగా ఉన్న వాస్కో ద గామా మాల్‌లో సూపర్‌మార్కెట్ కూడా ఉంది, అరటిపళ్లూ బ్రెడ్డూ నీళ్లూ కొనుక్కోవచ్చు (రైల్లో బార్ ఉంటుంది గానీ శాకాహారులకి పెద్దగా ఏమీ దొరకదు). కానీ ఒరియెంటెలో రైలు ఎక్కువసేపు ఆగదు. పెద్దవాళ్లు, పెద్ద సూట్‌కేసులు ఉంటే సాంటా అపొలోనియాకే వెళ్లండి, ఎక్కువ రైళ్లు అక్కడే బయల్దేరతాయి, సామాను తీరిగ్గా సర్దుకోవచ్చు. టికెట్ మీద ‘కర్రువాజెం’ అని ఉన్న నంబర్ మీ బోగీది, ‘లుగార్’ అని ఉన్నది మీ సీటు. సీట్లన్నీ రిజర్వ్ చేసినవే కాబట్టి ఖాళీగా కనిపించిన చోట కూర్చోకండి. ఒరియెంటెలో ప్లాట్‌ఫారం మీద అటు చివర నిలబడి ఇటు చివర బోగీకి సామానుతో పరుగెత్తాల్సి రాకుండా, బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే అక్కడి సిబ్బందిని అడిగేయండి.

సీటు ఎంచుకునే వీలుంటే రైలు వెళ్లే దిశలో ఎడమ కిటికీ పట్టండి. లిస్బన్ దాటాక విలా ఫ్రాంకా ద షీరా దాకా తేజు నది కుడివైపు కనిపిస్తుంది, అదీ బాగుంటుంది, కానీ అసలు చూడాల్సింది చివరి భాగం. ఎస్పిన్యు అనే ఊరు దాటాక అట్లాంటిక్ సముద్రం ఎడమవైపు బాగా దగ్గరికొస్తుంది, ఇళ్ల సందుల్లోంచి ఒక్కసారిగా ఇసుకా అలలూ కనిపించి మళ్లీ మాయమవుతుంటాయి. ఆ తర్వాత డోరు నది మీద వంతెన. అప్పుడు కూడా ఎడమవైపే చూస్తుండండి, ఈఫిల్ కంపెనీ కట్టిన 1877 నాటి ఇనుప వంతెన, మరియా పియా, ఒకే పెద్ద కమానుతో నది మీద నిలబడి ఉంటుంది. 1991లో ఇప్పటి వంతెన వచ్చాక దాని మీద రైళ్లు ఆపేశారు. నాకైతే ఈ దారి మొత్తంలో అదే అన్నిటికంటే ఇష్టం. ఫోన్ రెడీగా పెట్టుకోండి, కొన్ని క్షణాల్లోనే దాటిపోతుంది.

రైలు కాంపన్యాలో ఆగుతుంది. అది పోర్టోనే గానీ ఊరి నడిబొడ్డు కాదు. బయటికెళ్లి ట్యాక్సీ వెతక్కండి, అదే స్టేషన్‌లో ఊరి మధ్యనున్న సావ్ బెంతు స్టేషన్‌కి వెళ్లే లోకల్ రైలెక్కండి, ఐదు నిమిషాల దారి, మీ దూరప్రయాణం టికెట్టే దానికీ చెల్లుతుంది. సావ్ బెంతు హాల్లో గోడలనిండా నీలం తెలుపు టైల్స్, దాదాపు 20,000, జార్జి కొలాసు గీసినవి. 1415లో పోర్చుగల్ ఉత్తర ఆఫ్రికాలోని సెఉటా నగరాన్ని గెలిచిన యుద్ధం కూడా వాటిలో ఉంది. ఇక్కడ జనం రద్దీ ఎక్కువ, అందరూ తలెత్తి గోడలే చూస్తుంటారు, అందుకని బ్యాగు ముందుకి వేసుకుని తర్వాత మీరూ చూడండి. హోటల్ నది ఒడ్డునున్న రిబైరా వైపు అయితే దారంతా రాళ్లు పరిచిన వాలు, చక్రాల సూట్‌కేసుతో నడవడం చాలా కష్టం, అక్కడ మాత్రం ట్యాక్సీ మాట్లాడుకోండి.