ఎర్ర మోకాళ్ల టారంటులా: తిండి మానేసినా, వెల్లకిలా పడుకున్నా ఏం చేయాలి?

పెంచుకునే టారంటులా (పెద్ద బొచ్చు సాలీడు) రంగు బాగుండాలి, నెమ్మదస్తురాలై ఉండాలి అనుకుంటే ఎర్ర మోకాళ్లది, అంటే ‘మెక్సికన్ రెడ్ నీ’ రకం తీసుకోండి. మెక్సికో పసిఫిక్ తీరం వైపు బొరియల్లో ఉండే సాలీడు ఇది. నల్లటి కాళ్ల మీద నారింజ రంగు పట్టీలుంటాయి. గుత్తిలో దొరికి 1899లో లోకానికి తెలిసిన మన నీలి టారంటులా ఇంకా అందంగా ఉంటుంది. కానీ దాని పరుగు మహా వేగం, కరిస్తే నొప్పి కూడా ఎక్కువే. పైగా అది అంతరించే దశలో ఉంది. దాన్ని నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే బతకనివ్వాలి.

రెడ్ నీ కూడా సైటీస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. అందుకే పెంపకంలో పుట్టి, కాగితాలున్న దాన్నే కొనండి. మన దేశంలో ఉంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వీలైతే ఆడదాన్ని అడగండి, 20 ఏళ్లకు పైగా బతుకుతుంది.

వారాలుగా తిండి ముట్టడం లేదు

పొట్ట నిండుగా ఉండి, దాని మీద వెంట్రుకలు ఊడిన చోట చర్మం నల్లబడితే కుబుసం విడిచే సమయం దగ్గరపడినట్టే. పెద్దవి నెలల తరబడి తినకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. వేసిన కీచురాయిని మర్నాటికల్లా తీసేయండి. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

వెల్లకిలా పడి ఉంది

చచ్చిపోయిందని చాలామంది కదిలించేది ఇప్పుడే. దయచేసి ముట్టుకోకండి, నీళ్లు చల్లకండి. అది కుబుసం విడుస్తోంది. గంటలు పట్టవచ్చు. లోపల కీచురాయి మిగిలితే మెత్తబడిన సాలీడునే కొరికేస్తుంది, కాబట్టి ముందే చూసి తీసేయండి. కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి. అవి గట్టిపడి నల్లగా మారేదాకా, పెద్దదైతే సుమారు రెండు వారాలు, తిండి వేయొద్దు.

నిలబడే ఉంది, కానీ కాళ్లు ఒంటి కిందికి ముడుచుకున్నాయి

అసలు కంగారుపడాల్సింది దీనికి. సాలీడు కాళ్లు చాచేది ఒంట్లోని ద్రవం ఒత్తిడితో. నీళ్లు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి, పొట్ట ముడతలు పడుతుంది. లోతు లేని మూతలో నీళ్లు పోసి, నోరు తడిలో ఆనేలా మెల్లగా ఆనించండి. ఊపిరి తీసుకునే భాగాలు పొట్ట అడుగున ఉంటాయి కనుక పొట్ట మునగకూడదు. హీట్ ల్యాంపు ఉంటే తీసేయండి. మన ఇళ్లలో ఉండే వేడి దీనికి చాలు.

గోడలెక్కుతోంది

కొత్త పెట్టె అయితే కొన్నాళ్లలో సర్దుకుంటుంది. లేదంటే అడుగున పరిచిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) తడిగా ఉన్నట్టు. దీనికి పొడి నేల ఇష్టం. ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. అందుకే కోకోపీట్ మందంగా పోసి, పైన ఖాళీ తక్కువ ఉంచండి. దాక్కోవడానికి ఒక చాటు పెట్టండి.

మీ చేతులు దురద పెడుతున్నాయి

బెదిరినప్పుడు వెనక కాళ్లతో పొట్ట మీది వెంట్రుకలు విసురుతుంది. టేపు అంటించి లాగేసి, చల్లటి నీళ్లతో కడగండి. కంట్లో పడితే రుద్దకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నెమ్మదైనదే అయినా దాన్ని చేతిలోకి తీసుకోకపోవడమే దానికీ, మీకూ మంచిది.

నోటి దగ్గర తెల్లటి జిగురు

ఇవి నులిపురుగులు కావచ్చు. నమ్మదగిన మందు లేదు. వెంటనే దాన్ని వేరే గదిలోకి మార్చి, దానికి వాడిన పటకారు, గిన్నె మిగతా వాటికి వాడకండి.