డైరీ ఆగిపోయిందా? పుస్తకం సాగట్లేదా?

పరీక్షలు అయిపోయి ఉద్యోగంలో పడ్డాక, మనకోసం మనం చదువుకోవడం, రాసుకోవడం ఎక్కడో ఆగిపోతాయి. మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులు ఇవి. అన్నీ నేను పడ్డవే.

సమస్య: డైరీ సంక్రాంతి దాటదు

జనవరి 1న కొత్త డైరీ, కొత్త పెన్ను. పది రోజులు నిండు పేజీలు. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి ఐదారు పేజీలు ఖాళీ. అవి చూస్తే ఇక తెరవబుద్ధి కాదు.

కారణం: బద్ధకం అనుకుంటాం గానీ, నా దృష్టిలో అసలు చిక్కు తేదీలు అచ్చేసిన పేజీతోనే. చెప్పుకోదగ్గదేమీ జరగని రోజు కూడా అది నింపమంటుంది.

పరిష్కారం: తేదీల్లేని రూళ్ల నోటుబుక్కు తీసుకోండి. రాసిన రోజు తేదీ మీరే వేసుకోండి. మూడు లైన్లు చాలు.

మా అమ్మ ఎప్పుడూ డైరీ రాయలేదు, పద్దుల పుస్తకం రాసేది. పాలు, కూరలు, గ్యాస్ బండ, చాకలి పద్దు. ఆవిడ పోయాక తిరగేస్తుంటే ఒకచోట పాల లెక్క పక్కన సన్నటి అక్షరాలతో ‘చిన్నాడికి జ్వరం. రాత్రంతా నిద్ర లేదు’ అని ఉంది. రెండు రోజుల తర్వాత: ‘బత్తాయిలు 6. జ్వరం తగ్గింది.’ ఆ చిన్నాణ్ని నేనే. ఆ జ్వరం నాకు గుర్తే లేదు. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఏం రాయాలో తోచని రోజు మీరూ కొన్నవీ వండినవీ రాయండి. పక్కన ఒక మాట దానంతటదే వచ్చి చేరుతుంది.

సమస్య: రెండు పేజీలకే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది

కారణం: ఫోన్ అందుబాటులో ఉండటం ఒకటి. బుక్ ఎగ్జిబిషన్‌లో ఉత్సాహంగా కొన్న ఐదొందల పేజీల పుస్తకంతో మొదలుపెట్టడం రెండోది.

పరిష్కారం: ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, కథల పుస్తకం పట్టుకోండి. పూటకో కథ. ఇంట్లో కుదరకపోతే గ్రంథాలయానికి వెళ్లండి. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలయ్యాయి. ఇలాంటివి మనవాళ్లు ఎంతో ఇష్టంగా కట్టుకున్నవి. పుస్తకం ఇంటికి తెచ్చుకుంటే, తిరిగివ్వాల్సిన తేదీ కూడా మన చేత చదివిస్తుంది.

సమస్య: తెలుగులో రాయబోతే ఒత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది

కారణం: వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టీ కొట్టీ ‘ళ’, ‘ణ’ చేతికి దూరమయ్యాయి.

పరిష్కారం: చిన్నప్పటి చూచిరాతే. నచ్చిన పుస్తకంలోంచి రోజూ అర పేజీ. కొద్ది రోజులకే చెయ్యి తిరుగుతుంది.

సమస్య: బాధ రాసుకుంటే ఇంకా బరువెక్కుతోంది

కారణం: రోజూ ‘నాకే ఎందుకిలా’ దగ్గరే తిరుగుతుంటాం. జరిగిందేమిటో కాగితం మీదికి రాదు.

పరిష్కారం: అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ తన సహపరిశోధకురాలితో కలిసి 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత తమను కలచివేసిన సంఘటన గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది. కానీ జరిగిందీ, అప్పుడు తమకు అనిపించిందీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. అందుకే మొదటి రోజు బరువు చూసి భయపడకండి. ఎవరు వచ్చారు, ఏమన్నారు, మీరేం చెప్పారు, లోపల ఏమైంది, అన్నీ వరసగా రాయండి. నాలుగో రోజు నోటుబుక్కు మూసెయ్యండి. అమ్మ పోయిన నెలలో నేను అలాగే రాశాను. చివరి రోజు ఆవిడ అడిగిన మజ్జిగ గురించి రాశాకే నాకు ఏడుపొచ్చింది.

నిద్ర, తిండి వారాల తరబడి సరిగ్గా లేకపోతే మాత్రం రాతతో సరిపెట్టుకోకండి, డాక్టర్‌ని కలవండి. నోటుబుక్కు వెంట తీసుకెళ్తే చెప్పుకోవడం కొంచెం తేలికవుతుంది.