నెలలు నిండకముందే కాన్పైన తల్లి మళ్లీ గర్భం దాల్చే ముందు

37 వారాలు నిండకముందు జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటారు. ప్రపంచం మొత్తం మీద 2020లో సుమారు 1.34 కోట్ల మంది శిశువులు ఇలా పుట్టారు. ఒకసారి ఇలా కాన్పైన తల్లికి మళ్లీ అలాగే అయ్యే ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. ఆదాయం తక్కువైన ఇంట్లో రక్తహీనత, గంటల తరబడి నిలబడి చేసే పని, ఆలస్యంగా మొదలయ్యే వైద్యం దానికి తోడవుతాయి. ఇందులో తల్లి తప్పేమీ లేదని ఇంట్లోవాళ్లు ముందుగా గ్రహించాలి.

మొదట చేయవలసింది పాత కాన్పు కాగితాన్ని వెతికి తీయడం. ఎన్నో వారంలో కాన్పైంది, నొప్పులు వాటంతటవే వచ్చాయా, ఉమ్మనీరు ముందే పోయిందా, బీపీ పెరగడం వల్ల వైద్యులే కాన్పు చేశారా అన్నవి అందులో ఉంటాయి. ఈ కారణాన్ని బట్టే తర్వాతి వైద్యం మారుతుంది కనుక, ఇల్లు మారినా తడవకుండా ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకోవాలి. అది దొరకకపోతే, కాన్పు జరిగిన ఆసుపత్రిలో నకలు అడగాలి.

రెండోది ఎడం. కాన్పు తర్వాత కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం దాల్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆరు నెలలలోపే గర్భం వస్తే ముప్పు పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ వంటి అడ్డంకులు లేకుంటే, గర్భం రాకుండా గర్భసంచిలో ఉంచే కాపర్-టిని కాన్పైన 48 గంటలలోపే వేయించుకోవచ్చు. కూలి పోగొట్టుకుని మళ్లీ ఆసుపత్రికి రాలేని తల్లికి ఇదే అన్నిటికన్నా అనువైన దారి అని నా అభిప్రాయం. ఈ వ్యవధిలోనే రక్తహీనతను, బీపీని, షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోవాలి, పొగాకును మానుకోవాలి.

నెల తప్పిందని తెలిసిన వెంటనే ఆసుపత్రికి వెళ్లి, అడగకపోయినా పాత కాన్పు సంగతి చెప్పాలి. ఏ బాధా లేకపోయినా మూత్ర పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే కొన్ని ఇన్ఫెక్షన్లు పైకి తెలియవు. నొప్పులు వాటంతటవే వచ్చి ముందుగా కాన్పైన తల్లికి 16 నుంచి 24 వారాల మధ్య యోని ద్వారా చేసే స్కానింగ్‌లో గర్భసంచి ముఖద్వారం పొడవు కొలుస్తారు. అది 25 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మందు గానీ, ముఖద్వారానికి కుట్టు గానీ అవసరమవుతుందేమో వైద్యులు చూస్తారు. పోయినసారి బీపీ వల్ల కాన్పు చేయవలసి వచ్చినవారికి 12వ వారం దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ఏ మందూ సొంతంగా వాడకూడదు.

మంచం దిగకుండా పడుకుంటే నెలలు నిండని కాన్పు ఆగుతుందని చాలామంది చెబుతారు. దానికి ఆధారం లేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఆ రోజుల సంపాదనా పోతుంది. బరువులెత్తే పని మాత్రం తగ్గించమని అడగాలి.

ఒక క్రమంలో మళ్లీ మళ్లీ కడుపు గట్టిపడుతున్నా, నడుము నొప్పి వస్తూ పోతూ ఉన్నా, కిందకు ఒత్తినట్లున్నా, నీరు గానీ రక్తం గానీ కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కాన్పుకు కనీసం ఒక రోజు ముందు పడితేనే పూర్తిగా పనిచేస్తాయి. అందుకే నెలలు నిండని శిశువులకు వైద్యం చేసే ఆసుపత్రి ఏదో, అర్ధరాత్రి అక్కడికి చేర్చే వాహనం ఎవరిదో అయిదో నెలలోనే తేల్చుకుని, ప్రయాణానికి కావలసిన డబ్బును పాత కాన్పు కాగితంతోపాటు అదే కవరులో ఉంచుకోవాలి.