నిషిద్ధ మంత్రం వేస్తే నష్టపోయేది ఎవరు? గేమ్ మాస్టర్లకు కొన్ని సూచనలు

గేమ్ మాస్టర్ కథ నడిపిస్తుంటే ఆటగాళ్ళు తలా ఒక పాత్ర పోషించే ఫాంటసీ ఆటలో ఒక మంత్రాన్ని నిషిద్ధమని ప్రకటించడం తేలికే గాని, ఆ నిషేధం ఎందుకు పుట్టిందో ఆటగాళ్ళకు అనుభవంలోకి వచ్చేలా ఆట నడపడం కష్టం. రాజుగారు వద్దన్నారనో, పూజారి శపిస్తాడనో చెబితే వాళ్ళు దాన్ని సవాలుగా తీసుకుంటారు తప్ప పాపంగా చూడరు. అందుచేత ఆ మంత్రం వల్ల నష్టపోయేది ఎవరో ముందుగా తేల్చుకోండి.

అలాంటి ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం 1991లో వచ్చిన డార్క్ సన్ అనే కల్పిత ప్రపంచం దీనికి సూటిగా జవాబు చెప్పింది. ఏథస్ అనే ఆ ఎడారి లోకంలో మంత్రశక్తి చెట్టుచేమల ప్రాణంలోంచి వస్తుంది. దాన్ని నిదానంగా తీసుకునేవాడు మొక్కను బతకనిస్తాడు. తొందరపడేవాడి చుట్టూ పచ్చదనమంతా బూడిదవుతుంది. శత్రువు పడిపోయాడు సరే, మర్నాడు ఆ నేల మీద మేకలు మేయడానికి ఏమీ మిగలదు.

మృతులను లేపే మంత్రం విషయానికి వస్తే, అదే ఆటకు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం లేచిన అస్థిపంజరం 24 గంటలే మాట వింటుంది. గడువు తీరేలోగా మంత్రాన్ని మళ్ళీ వేయకపోతే అదుపు తప్పుతుంది. ఇది మంచి పని కాదని, దుష్టులే దీన్ని తరచుగా చేస్తారని నియమాల పుస్తకమే అంటుంది. అయితే ఆ వాక్యాన్ని చదివి వినిపిస్తే వాదన మొదలవుతుంది కాబట్టి, దానికి బదులు ఆ ఎముకలకు ఊరూ పేరూ ఇవ్వండి. మా ఆటలో ఒక మంత్రగాడు శ్మశానంలో ఎముకలను లేపి, వాటితో మూటలు మోయించుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ముసలమ్మ ఆ అస్థిపంజరం వేలికున్న రాగి ఉంగరాన్ని చూసి చేద వదిలేసింది. నేను అంతకుమించి ఏమీ చెప్పలేదు. గడువు ఇంకా ఎన్ని గంటలుందని ఆ ఆటగాడే మెల్లగా అడిగాడు.

మూల్యం ఎంతో పాచికలు వేయకముందే తెలియాలి. కాల్ ఆఫ్ క్తుల్హూ అనే భయానక కథల ఆటలో నిషిద్ధ జ్ఞానం ఎంత పెరిగితే మతిస్థిమితానికి ఉన్న గరిష్ఠ పరిమితి 99 నుంచి అంత తగ్గుతుంది, ఆ లెక్క ఆటగాడి కాగితం మీదే కనబడుతుంది. మంత్రం వేయనిచ్చి, ఆ తర్వాత కొత్త శిక్షను బయటపెట్టడం నా దృష్టిలో మోసమే.

తెలుగులో ఆడేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. చేతబడి, బాణామతి అనే పేర్లను ఆటలోకి నేరుగా తేకండి. ఆ అనుమానంతో మన పల్లెల్లో నిజమైన మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. ఆటలోనేమో మంత్రం నిజంగానే పనిచేస్తుంది గనుక, అనుమానించినవాళ్ళదే న్యాయమన్నట్టు అవుతుంది. మంత్రానికి వేరే పేరు పెట్టుకోండి. ఊరంతా వేలెత్తి చూపే మనిషి ఏ పాపం ఎరుగనిదై ఉండే అవకాశాన్ని కథలో ఉంచండి. అప్పుడు అసలు మంత్రగాడైన ఆటగాడు ఆమె పక్షాన నోరు విప్పుతాడా లేదా అన్నది అతనే తేల్చుకోవలసి వస్తుంది.