ఇంట్లో ఉన్నవాటితోనే చాక్లెట్ ఐసింగ్, విశాఖ ఉక్కకు కారిపోకుండా

కేకు దించాక చూస్తే ఐసింగ్ షుగర్ లేదు, క్రీమ్ లేదు. పర్లేదు. పాలు, పంచదార, కోకో, కార్న్‌ఫ్లోర్, కాస్త వెన్న ఉంటే పని అయిపోతుంది. అసలు విశాఖలో వెన్న, పంచదార గుండ గిలకొట్టి చేసే బటర్‌క్రీమ్ కంటే పాలతో కాచిన ఐసింగే నయం. వెన్న 32–35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం భీమిలి నుంచి గాజువాక దాకా ఏ వంటింట్లోనైనా ఇంచుమించు అంత వేడి ఉంటుంది. బటర్‌క్రీమ్ కేకు పక్కలనుంచి జారి పళ్లెంలోకి దిగిపోతుంది. కాచిన ఐసింగ్‌ను నిలబెట్టేది వెన్న కాదు, ఉడికిన పిండి. అందుకే అది వేడికి అంత తొందరగా లొంగదు.

ఏడంగుళాల కేకుకి పైనా చుట్టూ పూయడానికి కావలసినవి: కాచి చల్లార్చిన పాలు 200 మి.లీ., పంచదార 100 గ్రాములు, కోకో నాలుగు పెద్ద చెంచాలు, కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర, వెన్న రెండు. పెద్ద చెంచా అంటే 15 మి.లీ. కొలత. గోపురంలా కాకుండా అంచుకు సమంగా తీసుకోవాలి. కార్న్‌ఫ్లోర్ లేకపోతే వెనిల్లా కస్టర్డ్ పొడి అంతే వేయొచ్చు, అదీ కార్న్‌ఫ్లోరే కదా. మైదా అయితే రెట్టింపు వేసి ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉడికించాలి, లేకపోతే పచ్చివాసన పోదు. పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి మాత్రం వద్దు, రవ్వరవ్వగా నోటికి తగులుతుంది.

మొదట పంచదార, కోకో, కార్న్‌ఫ్లోర్ పొడిగానే కలిపేయండి. కోకోలో కొవ్వు ఉంటుంది కాబట్టి పాలలో నేరుగా వేస్తే తడవకుండా పైన తేలి ఉండలు కడుతుంది. పంచదార పలుకులు మధ్యలో ఉంటే ఆ ఉండలు విడిపోతాయి. ముందు నాలుగు చెంచాల చల్లని పాలు పోసి నున్నటి ముద్దలా మెదిపి, తర్వాత మిగతా పాలు పోయాలి. వేడి పాలు పోశారంటే పిండి అక్కడికక్కడే ఉడికి గడ్డలవుతుంది, ఆ పైన కవ్వం ఎంత తిప్పినా లాభం లేదు.

అడుగు మందమైన గిన్నెలో సన్నని సెగ మీద, గరిటె అడుగుకు ఆనించి తిప్పుతూ ఉండాలి. ఐదారు నిమిషాలపాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా చిక్కబడుతుంది, చాలామందికి అడుగంటేది అక్కడే. బుడగలు ‘బుడుక్’మంటూ పగలడం మొదలయ్యాక సరిగ్గా ఒక నిమిషం ఉంచి దించేయండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే అది రెండు మూడు సెకన్లు నిలబడాలి. అంతకంటే గట్టిపడేదాకా కాస్తే చల్లారాక హల్వా అవుతుంది, పూయడానికి రాదు.

వెన్న పొయ్యి దించాకే వేయాలి. మరిగేటప్పుడు వేస్తే నూనె విడిపోయి పైకి తేలుతుంది. అలా విడిపోతే పారబోయక్కర్లేదు: చెంచాడు వేడి పాలు పోసి కవ్వంతో గట్టిగా తిప్పితే చాలావరకు కలిసిపోతుంది. కొన్న టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది, విడిగా చిటికెడు కూడా వేయకండి. ఇంట్లో తీసిన వెన్న అయితే మజ్జిగ తెల్లదనం పోయేదాకా చన్నీళ్లలో కడగాలి, లేకపోతే చాక్లెట్‌లో పులుపు తెలిసిపోతుంది. నెయ్యి వేస్తే ఒక చెంచా మించకూడదు, మించితే కేకు మైసూర్‌పాక్ వాసన వేస్తుంది.

అరకు కాఫీ డికాక్షన్ ఇంట్లో ఉంటే, పాలలో రెండు చెంచాలు తగ్గించి అది పోయండి. కాఫీ రుచి విడిగా తెలీదు, చాక్లెట్ మాత్రం చిక్కగా తోస్తుంది. కోకో లేదని బూస్ట్‌తోనో డ్రింకింగ్ చాక్లెట్‌తోనో సరిపెట్టేవాళ్లున్నారు. రంగు వస్తుంది, చాక్లెట్ రుచి రాదు. వాటిలో పంచదార ముందే ఉంటుంది కాబట్టి, తప్పక వాడితే మన పంచదార సగానికి తగ్గించాలి.

కోకోకి బదులు మిల్క్ చాక్లెట్ బార్లుంటే దారి వేరు. 100 గ్రాములు సన్నగా తరిగి, 40 మి.లీ. వేడి మీగడ పాలు పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత మధ్యనుంచి అంచులకు కలపాలి. చాక్లెట్‌ను విడిగా కరిగిస్తుంటే గిన్నెకు ఒక్క నీటి చుక్క కూడా అంటకూడదు. ఆ చుక్కకే లోపలి పంచదార ఒకదానికొకటి అతుక్కుని మొత్తం ఇసక ముద్దలా బిగుసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే దానికి మందూ తడే: వేడి పాలు చెంచా చొప్పున పోస్తూ తిప్పితే మళ్లీ జారుగా వస్తుంది.

కాచిన ఐసింగ్ చల్లారేటప్పుడు పాలమీద కట్టినట్టే మీగడ కడుతుంది. వెన్న ప్యాకెట్ కాగితం లోపలివైపు ఐసింగ్‌కు ఆనేలా పరిస్తే కట్టదు. కేకు అడుగున చెయ్యి పెడితే ఏ మాత్రం వెచ్చదనమూ తగలకూడదు, అప్పుడే పూయాలి. మొదట పల్చటి పూత వేసి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కేకు రజను దానికే అంటుకుపోతుంది, రెండో పూత నున్నగా వస్తుంది. అట్లకాడను వేడినీళ్లలో ముంచి తుడిచి లాగితే ఇంకా నున్నగా ఉంటుంది.

ఇక సముద్రపు తేమ సంగతి. ఫ్రిజ్‌లోంచి కేకు తీసి అలాగే బల్లమీద పెడితే పది నిమిషాల్లో చెమట పట్టి పైపూత బంకబంకగా అవుతుంది. మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక అరగంటదాకా మూత తీయకండి, ఆ చెమటేదో డబ్బాకే పడుతుంది. పాలతో చేసింది కాబట్టి బయట రెండు గంటలు మించనివ్వకండి, మే నెల ఉక్కలో అయితే గంటే. ఫ్రిజ్‌లో అయితే రెండు మూడు రోజులు ఉంటుంది.