జడ సామాను ఎంపిక – మూడో పాఠం: క్లచ్చరును తిప్పి చూడండి

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? ఇంట్లో ఉన్న స్లైడు పిన్నులన్నీ పళ్లెంలో పోసి, కొసన గుండు ఊడినవి ఏరమన్నాను. నేనూ ఏరాను. 23లో 9 చెత్తబుట్టకే పోయాయి. గుండు లేని పిన్ను మాడును గీరుతుంది, దాచుకుని ప్రయోజనం లేదు. పెట్టుకునేటప్పుడు వంకీలున్న కాడ మాడు వైపు రావాలన్నదీ మరిచిపోకండి. పిన్నుల సంగతి ఇక్కడితో సరి.

ఈసారి క్లచ్చరు, అంటే రెండు వరసల పళ్లతో జుట్టును పట్టుకునే స్ప్రింగు క్లిప్పు. ఒంగోలు ట్రంకు రోడ్డులో ఫ్యాన్సీ షాపుకి వెళ్లినా, నెల్లూరు రొట్టెల పండగ అంగళ్ల ముందు నిలబడినా మన కళ్లు ముందు క్లిప్పుకు అతికించిన రాళ్ల మీదికే పోతాయి. వాటిని కాసేపు వదిలేసి క్లిప్పును తిప్పండి. జుట్టుకు తగిలేది లోపలి వైపు.

మామూలు ప్లాస్టిక్కు క్లిప్పులు అచ్చులో తయారవుతాయి. అచ్చు రెండు ముక్కలూ కలిసేచోట సన్నటి గీత మిగులుతుంది. మంచి సరుకులో దాన్ని అరగదీసి నున్నగా చేస్తారు, చవక సరుకులో అలాగే వదిలేస్తారు. బొటనవేలి గోటితో ఒక్కో పన్ను అంచునూ రాయండి. గోరు తట్టుకుంటే జుట్టూ తట్టుకుంటుంది. ఇంకో ఉపాయం, మీ షిఫాను చున్నీ కొసను పళ్ల మీద ఆనించి మెల్లగా లాగండి. పోగు లేచిందంటే ఆ క్లిప్పు అక్కడే పెట్టేయండి. పాత చున్నీ వేసుకుని వెళ్లండి, కొత్తదానికి పోగు లేస్తే నన్ను తిట్టుకుంటారు.

తర్వాత స్ప్రింగు. పదిసార్లు నొక్కి వదలండి. నేనిలా నొక్కుతుంటే ఒక షాపాయన, "ఏందక్కా, కొంటావా ఇరగ్గొడతావా?" అన్నాడు. అన్నా సరే, నొక్కాల్సిందే. మూసినప్పుడు ఒక వరస పళ్లు రెండో వరస సందుల్లోకి తిన్నగా దిగాలి. ఒక పక్కకు ఒరిగితే స్ప్రింగో, మధ్యలో ఉండే ఇరుసో వంకరగా ఉన్నట్టు. స్ప్రింగు తీగ కొస లోపలికి మడిచి ఉందో లేదో కూడా చూడండి. బయటికి పొడుచుకొస్తే రోజుకు నాలుగు వెంట్రుకలు దానికే బలి.

మన సముద్రపు గాలికి తుప్పు భయం ఎక్కువ. ఒకసారి కొత్తపట్నం బీచిలో తడిసిన జుట్టుకే క్లిప్పు పెట్టుకుని ఇంటికొచ్చి, అలాగే పడుకున్నాను. వారం తిరక్కుండా స్ప్రింగు ఎర్రబడింది, దిండు గలీబుకు మరక పడింది. అయస్కాంతం పెడితే తుప్పు పట్టే స్ప్రింగేదో తెలిసిపోతుందంటారు, పూర్తిగా నమ్మకండి. తుప్పు పట్టని స్టీలు తీగ కూడా లాగి చుట్టేసరికి కొంచెం అయస్కాంతానికి అంటుకోవచ్చు. పూత ఎక్కడైనా లేచిందా, చుట్ల మధ్య గోధుమ రంగు మచ్చలున్నాయా అని వెలుతురులో చూడటమే మేలు. కొన్నాక తడి తలకు పెట్టకుండా ఉండటం మన పని.

అసిటేటు క్లిప్పులని ఖరీదైనవి వస్తున్నాయి. పత్తి, కలప గుజ్జు నుంచి తీసిన సరుకుతో రేకులు చేసి, వాటిని కోసి, పాలిష్ పట్టి తయారుచేస్తారు. తాబేటి చిప్పలాంటి డిజైను రేకు మందమంతా ఉంటుంది కాబట్టి పళ్ల అంచుల్లోనూ కనపడుతుంది. డిజైను పైన మాత్రమే ఉండి అంచు ఒకే రంగులో ఉంటే అది పైన ముద్రించిన బొమ్మ. అసిటేటు పేరు చెప్పి దానికి డబ్బులు పోయకండి. అసలు అసిటేటయినా వేడికి వంగుతుంది, మే నెలలో స్కూటరు డిక్కీలో పడేయొద్దు.

ఇప్పుడు ఫ్యాషనైన, పట్టుకుంటే రబ్బరులా మెత్తగా అనిపించే మ్యాట్ (మెరుపు లేని) పూత క్లిప్పులు నాకు నచ్చవు. ఆ పూతల్లో చాలావాటికి గాలిలో తేమ పడదు, కొన్నాళ్లకు జిగటగా తయారవుతాయి. పైగా మనం రాసుకునే కొబ్బరినూనె ఒకటి. దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

సైజుకు పెద్ద లెక్కేం లేదు. జుట్టును మెలితిప్పి ముడి వేసి చూడండి. క్లిప్పు దాని చుట్టూ పట్టాలి, పళ్లు మాడును పొడవకూడదు.

ఇంటిపని: మీ దగ్గరున్న మూడు క్లచ్చర్లు తీసి గోటి పరీక్ష, చున్నీ పరీక్ష, పదిసార్లు నొక్కుడు చేయండి. ఏది ఎక్కడ తప్పిందో నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం రబ్బరు బ్యాండ్ల మీద. దానికోసం ఇవాళే ఒక పాత బ్యాండును కొబ్బరినూనెలో వేసి పక్కన పెట్టండి, అప్పటికి అదెలా తయారయిందో చూద్దాం.