కథ పంపే ముందు పత్రికను ఎంచుకోవడం ఎలా?

"కథలు పంపవలసిన చిరునామాలు" అంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితాలు చాలావరకు పాతవి. నవ్య వీక్లీ 2020లో, విపుల, చతుర, తెలుగు వెలుగు 2021లో ఆగిపోయాయి. ఆ జాబితాల్లో మాత్రం వాటి మెయిల్ ఐడీలు ఇంకా ఉంటాయి. అలాంటి చోటికి పంపిన మెయిల్ తిరిగొచ్చేస్తే నయమే. రాకపోతేనే చిక్కు. కథ పరిశీలనలో ఉందనుకుని ఆర్నెల్లు కూర్చుంటారు, ఈలోగా ఇంకెక్కడికీ పంపరు.

అందుకే ఏ పత్రికకైనా తాజా సంచిక తెరిచి, అందులో వేసిన చిరునామాకే పంపాలి. అచ్చుపత్రికలో ఇది సంపాదకుడి పేరు ఉండే పెట్టెలోనో, కథ పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనో ఉంటుంది. దినపత్రికల ఆదివారం అనుబంధాలకు కథల కోసం వేరే మెయిల్ ఉంటుంది. దినపత్రిక మామూలు మెయిల్‌కు పంపిన కథ వార్తల గుట్టలో పడి పోతుంది. వెబ్ పత్రికలైతే "రచయితలకు సూచనలు" అనో "మాకు రాయండి" అనో ఒక పేజీ పెడతాయి. దాన్ని చివరిదాకా చదవండి. తిరస్కరణల్లో కొన్నిటికి కారణం కథ కాదు, ఆ పేజీ చదవకపోవడమే.

ఎక్కడెక్కడ వెతకాలి

ఆదివారం అనుబంధాలు అందరికీ తెలిసినవే: ఈనాడు ఆదివారం, సాక్షి ఫన్‌డే, నమస్తే తెలంగాణ బతుకమ్మ వగైరా. పాఠకులు ఎక్కువ, పారితోషికం ఉంటుంది, పోటీ కూడా అంతే. వారానికి ఒకటో రెండో కథలకే చోటు. ఇవన్నీ ఈ-పేపర్‌లో దొరుకుతాయి కాబట్టి నాలుగు వారాలవి కూర్చుని చదవొచ్చు. స్వాతి వారపత్రిక, మాసపత్రికలకు తమ పాఠకుల మీద స్పష్టమైన అంచనా ఉంది. కొనుక్కుని రెండు మూడు సంచికలు చదివితే మీకూ తెలుస్తుంది.

కొత్తవాళ్ళు తక్కువగా చూసేవి చిన్న సాహిత్య మాసపత్రికలు. పాలపిట్ట, చినుకు, సాహిత్య ప్రస్థానం, ప్రజాసాహితి, అరుణతార, భూమిక లాంటివన్న మాట. వీటిలో కొన్నిటి వెనక ఒక సంస్థ, ఒక దృక్పథం ఉంటాయి. అరుణతార విప్లవ రచయితల సంఘానిది, ప్రజాసాహితి జనసాహితి అనే సంస్థది, భూమిక స్త్రీవాద పత్రిక. వాటి దృక్పథం తెలియకుండా పంపితే కథ ఎంత బాగున్నా ఇమడదు. పారితోషికం చాలాచోట్ల ఉండదు. అయినా ఇక్కడ సంపాదకుడే స్వయంగా చదివే అవకాశం ఎక్కువ. ఫోన్ చేసి "ముగింపు మార్చి పంపండి" అని చెప్పేవాళ్ళు ఇంకా ఈ చిన్న పత్రికల్లోనే ఎక్కువ. కాపీలు ఊళ్ళో దుకాణాల్లో దొరక్కపోతే జిల్లా గ్రంథాలయంలో చూడండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్ళినా వీటిలో కొన్ని చేతికందుతాయి.

వెబ్ పత్రికల్లో ఈమాట 1998 నుంచి వస్తోంది. వచ్చిన రచనను సమీక్షకులకు చూపించి, వాళ్ళ అభిప్రాయం రచయితకు తెలియజేసే పద్ధతి దానిది. సారంగ, కౌముది, సంచిక, స్త్రీల రచనలకు పెద్దపీట వేసే విహంగ, నెచ్చెలి కూడా చూడాల్సినవే. నిడివి విషయంలో వెబ్ పత్రికలు కాస్త ఉదారం. నాలుగైదు వేల మాటల కథ చేతిలో ఉంటే అచ్చుపత్రికల చుట్టూ తిరగకుండా ముందు ఇటు రండి.

మరో దారి వెనక నుంచి వెళ్ళడం. కథాసాహితి అనే సంస్థ 1990 నుంచి తెస్తున్న "కథ" వార్షిక సంకలనాల్లో ప్రతి కథా మొదట ఎక్కడ అచ్చయిందో వేస్తారు. మీకు నచ్చిన కథలు, మీ కథకు దగ్గరగా ఉన్నవి ఏ పత్రికల్లోంచి వచ్చాయో రాసుకుంటూ పోతే ఓ చిన్న జాబితా తయారవుతుంది. అందులోంచి ఇప్పుడు నడుస్తున్నవి ఏరుకోవాలి.

కొత్తవాళ్ళను నిజంగా వేస్తారా?

"కొత్తవారి రచనలకు ఆహ్వానం" అన్న మాట దాదాపు ప్రతి పత్రికలోనూ ఉంటుంది. దాన్ని బట్టి ఏమీ తేలదు. తేల్చుకోవాలంటే వరసగా ఆరు సంచికలు తీసుకుని కథకుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. తర్వాత ఒక్కో పేరునూ కథానిలయం వెబ్‌సైట్‌లో వెతకండి. కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన ఆ కథల గ్రంథాలయం సైట్‌లో రచయిత పేరు కొడితే కథలు, అవి వచ్చిన పత్రికలు, తేదీలు కనిపిస్తాయి. యాభై కథలున్న పేర్లెన్ని, రెండు మూడున్నవి ఎన్ని, అసలు కనిపించనివి ఎన్ని? నిన్న మొన్నటి కథలన్నీ అందులోకి ఎక్కి ఉండవు కాబట్టి కనిపించని పేరు చాలాసార్లు కొత్తవాళ్ళదే. గూగుల్‌లో మరోసారి చూసుకుంటే అదీ తేలిపోతుంది. ఆరు సంచికల్లో ఒక్క కొత్త పేరూ లేకపోతే ఆ పత్రికను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మూడో వంతు కొత్త పేర్లుంటే అది మీ పత్రిక.

ఒక్క జాగ్రత్త. పోటీ ఫలితాల సంచికలను ఈ లెక్కలో కలపకండి. పోటీల్లో కొత్త పేర్లు ఎటూ ఎక్కువే. మామూలు సంచికల్లో ఆ పత్రిక ఎలా ఉంటుందో వాటిని బట్టి తెలియదు.

నిడివి కొలుచుకోవడం

అచ్చులో చోటు అంటే చోటే. నిడివి పరిమితి ఎక్కడా రాసి లేకపోతే అచ్చయిన కథనే కొలవండి. ఓ పది వరసల్లో మాటలు లెక్కపెట్టి సగటు తీయండి. వరసకు 4 మాటలు, కాలమ్‌కు 60 వరసలు, పేజీకి 4 కాలమ్‌లు, మొత్తం 2 పేజీలు అనుకుంటే 1920 మాటలు. బొమ్మకు, శీర్షికకు నాలుగో వంతు తీసేస్తే మిగిలేది 1440. అలాంటి చోటికి మీ 2600 మాటల కథ పంపితే రెండే దారులు: పక్కన పడేస్తారు, లేదా కోసేస్తారు. కోత సాధారణంగా చివర్లో పడుతుంది. ముగింపు పోయిన కథ మీ పేరుతో అచ్చవడం కంటే అచ్చవకపోవడమే మేలు. కుదిస్తే మీరే కుదించండి, లేదంటే ఇంకో పత్రిక చూడండి.

ఫైలు, ఫాంటు, ఉత్తరం

యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లో, ఏ కంప్యూటర్‌లో తెరిచినా కనిపించే తెలుగులో) టైపు చేసిన వర్డ్ ఫైలు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలో చేసినదైతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలే కనిపిస్తాయి. వెబ్ పత్రికలు దాన్ని తీసుకోవు. అచ్చుపత్రికల్లో పేజీలు పెట్టేవాళ్ళు మీ యూనికోడ్‌ను అనులోకి మార్చుకోవచ్చు. ఆ మార్పిడిలో అరుదైన ఒత్తులు, ఇంగ్లీషు మాటల్లోని పొల్లులు చెదిరిపోతాయి. అందుకే వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేస్తే సరిచూసుకోవడానికి వాళ్ళకు ఆధారం ఉంటుంది. ఒక్క పీడీఎఫ్ మాత్రమే పంపకండి, దాన్ని మళ్ళీ టైపు చేయించే తీరిక ఎవరికీ లేదు. ఫోటో తీసిన పేజీల సంగతి సరే సరి.

ఫోన్‌లో టైపు చేసేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. "ఫేస్‌బుక్" అని రావాల్సింది "ఫేస్బుక్" అని, "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అని వచ్చేస్తుంది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు వేసే మీట చాలా కీబోర్డుల్లో ఉంటుంది. లేకపోతే కంప్యూటర్‌లో సరిచేసుకోండి. మాట్లాడి టైపు చేయించేవాళ్ళు కామాలు, ఫుల్‌స్టాపులు, సంభాషణల కొటేషన్ గుర్తులు ఉన్నాయో లేదో మళ్ళీ మొదటి నుంచి చూడక తప్పదు. చేతిరాత తీసుకునే పత్రికకైతే కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ పక్క మార్జిన్ వదిలి, పేజీ నంబర్లు వేసి, జిరాక్సు కాపీ దగ్గర ఉంచుకుని అసలు ప్రతి పంపాలి.

మెయిల్ సబ్జెక్టులో "కథ – శీర్షిక – మీ పేరు" చాలు. లోపల ఇంతకంటే అక్కర్లేదు:

"సంపాదకులకు నమస్కారం. 'ఎండుటాకు' అనే కథ (1430 మాటలు) పరిశీలనకు పంపుతున్నాను. ఇది నా సొంత రచన. అనువాదం, అనుసరణ కాదు. ఇంతకు ముందు ఎక్కడా, బ్లాగులో గానీ సామాజిక మాధ్యమాల్లో గానీ ప్రచురితం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు."

కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు. కలంపేరు ఉంటే అదీ రాయాలి. కథలో ఏం చెప్పదలిచారో ఉత్తరంలో వివరించకండి. అలా వివరిస్తే కథ సొంత కాళ్ళ మీద నిలబడలేదన్న అనుమానం వస్తుంది.

పై నాలుగు మాటలనే హామీపత్రం అంటారు. అది లేని కథను చాలా పత్రికలు తెరవవు. అందులో "ఎక్కడా ప్రచురితం కాలేదు" అన్నచోటే ఎక్కువమంది జారతారు. ఫేస్‌బుక్‌లో పెట్టినా, ప్రతిలిపి యాప్‌లో వేసినా చాలా పత్రికలు ప్రచురితం అయినట్టే లెక్కేస్తాయి. తర్వాత తీసేసినా కథలోని ఓ వాక్యం వెతికితే గూగుల్‌లో దొరికిపోవచ్చు. మీ కథ ఇప్పటికే అలా బయటికి వచ్చి ఉంటే దాన్ని దాచకండి, పత్రిక కోసం వేరే కథ రాయండి.

ఎంతకాలం ఆగాలి

ఒక కథ ఒక సమయంలో ఒక పత్రికకే. రెండు చోట్లా అచ్చయితే రెండు చోట్లా మీ పేరు చెడుతుంది, సంపాదకులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. అలాగని జీవితకాలం ఆగనక్కర్లేదు. పత్రిక తన గడువు చెప్పి ఉంటే అంతవరకు, చెప్పకపోతే మూడు నెలలు. ఆ తర్వాత రెండు వాక్యాల మెయిల్: ఫలానా తేదీన పంపిన కథ ఏమైంది? పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే "కథను వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి, ఆ తర్వాతే ఇంకో చోటికి పంపండి. ఈ రెండో మెయిల్ మరచిపోయినప్పుడే ఒకే కథ రెండు పత్రికల్లో వచ్చే గొడవ జరుగుతుంది.

సంక్రాంతి కథ సంక్రాంతికి పంపితే లాభం లేదు. పండగ నేపథ్యం ఉన్నవి రెండు నెలల ముందే చేరాలి.

పోటీ ప్రకటనల్లో చివరి నిబంధన దగ్గర ఆగి చదవండి. "బహుమతి రాని కథల్లో బాగున్నవాటిని సాధారణ ప్రచురణకు స్వీకరిస్తాం" అని తరచుగా ఉంటుంది. అంటే ఫలితాలు వచ్చేశాక కూడా మీ కథ వాళ్ళ దగ్గరే ఉన్నట్టు. సాధారణ ప్రచురణకు ఏవి తీసుకున్నారో తేలేదాకా దాన్ని కదపకూడదు, లేదా వెనక్కి తీసుకుంటున్నట్టు రాయాలి. కథ ఉన్న పేజీల మీద పేరు రాయకూడదన్న నిబంధన కూడా పోటీల్లో మామూలే. ఫైలు పేరులో మీ పేరు ఉన్నా తీసేయండి.

డబ్బు, హక్కులు

కథ వేయడానికి డబ్బు అడిగేది పత్రిక కాదు. "మీ కథ సంకలనానికి ఎంపికైంది, పది కాపీలు కొనాలి" అన్న సందేశం వస్తే వాళ్ళు మీలో చూస్తున్నది రచయితను కాదు, కొనుగోలుదారును. ప్రశంసాపత్రం, శాలువా ఎర వేసినా అంతే. నామమాత్రపు ప్రవేశ రుసుము ఉన్న పోటీలు కొన్ని నికరమైనవే కావచ్చు, కానీ మొదటి కథలకు వాటి జోలికి పోవాల్సిన అవసరం లేదు.

పత్రికలో వేసినంత మాత్రాన కథ పత్రికది అయిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి నుంచి రాసి పంపే రచయితే మొదటి హక్కుదారు. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో అందులో రాయకపోతే 5 ఏళ్ళుగానే భావిస్తారు. కాబట్టి పోటీ నిబంధనల్లోనో అంగీకారపత్రంలోనో "సర్వహక్కులు పత్రికవే" అని కనిపిస్తే సంతకానికి ముందే అడగండి: ఈ కథను రేపు నా సంపుటిలో వేసుకోవచ్చా? ఆడియోకు, సినిమాకు ఇవ్వొచ్చా? జవాబు ఫోన్‌లో చెబితే, అదే మాట మెయిల్‌లో రాసి పంపమనండి.